హెవీ డోస్

మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే మనిషి దగ్గితే ఇంట్లో ఎవరూ తలెత్తి చూడరు. దూది నుసి గొంతులోకి పోతూనే ఉంటుంది, దగ్గు వస్తూనే ఉంటుంది. అందుకే ఆ వానాకాలంలో మల్లప్ప దగ్గుతూ పనికి పోయి దగ్గుతూ ఇంటికి వస్తుంటే, అతని భార్య చంద్రభాగ చాయ్‌లో కాస్త అల్లం ఎక్కువ దంచి వేసిందే తప్ప ఇంకో ఆలోచన చేయలేదు.

ఒకరోజు పొద్దున పాళీకి పోయినవాడు అన్నం వేళ కాకముందే తిరిగొచ్చాడు. తోటి పనివాడొకడు మోటార్‌సైకిల్ మీద వెనక కూర్చోబెట్టుకొని, జారిపోకుండా తువ్వాలతో తన నడుముకు కట్టుకొని తెచ్చాడు. చంద్రభాగ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లేచేసరికే మల్లప్ప గడపలో కూలబడ్డాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఉన్న చాదర్లన్నీ కప్పినా వణుకు ఆగలేదు. ఎడమ డొక్క చేత్తో అదుముకొని, ఊపిరి పూర్తిగా తీయలేక సగంలోనే ఆపేస్తున్నాడు. దగ్గి ఉమ్మితే కళ్లె తుప్పు రంగులో పడింది.

ఆ రంగును చంద్రభాగ ఇంతకు ముందు చూసింది. పోయినేడు మల్లప్ప అక్క యల్లమ్మకు కూడా ఇలాగే మొదలైంది. దవాఖానకు పోయిన యల్లమ్మ మళ్లీ ఇంటికి నడిచి రాలేదు.

ఆమె ఫోన్ తీసి కూతురికి చేసింది. కూతురు ఋతుజ డాక్టరు. సోలాపూర్‌లోనే ఒక ట్రస్టు ఆసుపత్రిలో పని. నీలం నగర్‌లో వాళ్ల సందుకంతటికీ ఆమె ఒక్కతే డాక్టరు.

"అమ్మా, బాపును కూసోబెట్టు, పండవెట్టకు. నేను ఆటో పంపుతున్న. మెడికల్ షాపుల కెళ్లి ఏ గోలి తెచ్చి ఇయ్యకు."

"దమ్ము ఆడ్తలేదే ఋతూ. ఒక్క గోలన్న..."

"వద్దమ్మా. ఏదో ఒకటి ఏస్తే మాకు రోగం దొరకదు. జెల్ది తీస్కరా."

ఆసుపత్రిలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. ఎడమ ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా కమ్ముకొని ఉంది. నిమోనియా అన్నారు. వెంటనే సూది వేస్తారని చంద్రభాగ ఎదురుచూస్తే, ముందు రెండు చేతుల్లోంచీ రక్తం తీశారు, చిన్న డబ్బాలో కళ్లె ఉమ్మించారు. మనిషి గాలి కోసం కొట్టుకుంటుంటే ఈ పరీక్షలేమిటో ఆమెకు అర్థం కాలేదు.

"మందు పడ్డంక తీస్తే పురుగు దొరకదమ్మా," అంది ఋతుజ. "పురుగు ఏదో తెలిస్తే దానికి సరిపోయే మందు ఇయ్యొచ్చు. అయిపోయింది. అగో, సూది ఏస్తున్రు."

ఆ మందు రాసింది మాత్రం ఋతుజ కాదు. తండ్రికి తానే వైద్యం చేయకూడదని, తన పైడాక్టరు తుషార్‌కు ఆమె కేసు అప్పగించింది. తుషార్ మరాఠీ మనిషి, నెమ్మదస్తుడు. ఆయన రెండు మందులు రాశాడు. ఆ వార్డులో నిమోనియాతో వచ్చిన ఎవరికైనా మొదట రాసే మందులే అవి.

మల్లప్ప అన్న రాజారాం తన కార్ఖానా నుంచి నేరుగా వచ్చాడు. తువ్వాళ్లు నేసే మరమగ్గాలు ఆయనకు సొంతంగా ఉన్నాయి. తండ్రి చిన్నప్పుడే పోతే అక్కకూ తమ్ముడికీ తానే తండ్రిలా నిలబడ్డాడు. చొక్కా మీద నూలు పోగులు అలాగే ఉన్నాయి. తమ్ముడి తల నిమిరి, సెలైన్ సీసా వైపు చూసి, బయటికొచ్చి ఋతుజను అడిగాడు.

"ఏం ఇంజక్షన్ ఇస్తున్రు బిడ్డా?"

ఋతుజ పేరు చెప్పింది. రాజారాం పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేశాడు. తిరిగొచ్చేసరికి మొహం మారింది.

"అది చిన్నదట గదా. మెరోపెనెమ్ ఎందుకిస్తలేరు? గదీ హెవీ డోస్ అట. పైసల ఫికర్ చెయ్యకు, నేనున్న."

"పైసల ముచ్చట గాదు పెద్దబాపు. బాపుకు ఇప్పుడు గది అక్కర లేదు."

"అక్కర ఎప్పుడొస్తది? అక్కకు వచ్చినట్టు వస్తదా?" రాజారాం గొంతు పెద్దదయింది. వార్డు బయట కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు. "అక్కకు ఆలస్యం చేసినం. ఐసీయూల పడ్డంక పెద్ద ఇంజక్షన్లు పెట్టిన్రు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. తమ్మునికి గూడ గట్ల చేస్తరా?"

"అత్తమ్మకు ఆలస్యమై గాదు." ఋతుజ చాలాసేపు ఆపుకొన్న మాట ఒక్కసారిగా బయటపడింది. "అత్తమ్మ రిపోర్టు నేను చూసిన. ఏ మందూ పన్జేస్తలేదు. ఒక్కటంటే ఒక్కటి గూడ. ఎందుకంటే అవన్నీ అంతకు ముందే వాడేసిన్రు. జలుబు జరానికి హెవీ డోస్, ఒంటికి పోతే మంటైతే హెవీ డోస్. ఆఖరుకు నిజంగ అక్కర వడ్డప్పుడు ఇయ్యనీకి ఏం మిగల్లే."

రాజారాం చొక్కా మీది నూలు పోగు ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"పెట్టిచ్చింది ఎవరు?" అన్నాడు తర్వాత, మెల్లగా. "నేనే గదా. అక్క ఉండే కుంభారికి పోయి నా స్కూటర్ మీద కూసోబెట్టుకొని, నేనే తోల్కపోయేది. మంచి మందు పెట్టుండ్రి, మా అక్క ఒక్కతే ఉంటది, జెల్ది లేవాలె అని నేనే చెప్పేది. అంటే మా అక్కను నేను చంపిన్నంటవా?"

ఋతుజ ఆయన వైపు ఒక అడుగు వేసింది. "నేనట్ల అనలే పెద్దబాపు..."

"అన్నవ్ బిడ్డా," అని ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

చంద్రభాగ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. యల్లమ్మ చావును ఆ ఇంట్లో అందరూ ఏడ్చారు. కానీ రాజారాం ఒకటి నేర్చుకున్నాడు, మేనకోడలు ఋతుజ దానికి సరిగ్గా ఎదురుది నేర్చుకుంది. ఆ తర్వాతే ఋతుజ, తుషార్ వెంటపడి, తమ ఆసుపత్రిలో నిమోనియాకు మందు రాసే పద్ధతి మార్పించింది. ముందు నమూనా తీయాలి, రోగికి సరిపోయే మందు ఇవ్వాలి, మూడో రోజు కూర్చొని మళ్లీ ఆలోచించాలి, అక్కర్లేనిది తీసేయాలి. ఇంట్లో అన్నం తింటూ ఈ సంగతులు చెబుతుంటే చంద్రభాగ సంతోషంగా వినేది. ఇప్పుడు ఆ పద్ధతి తన మొగుడి మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. అది తప్పయితే మొగుడు పోతాడు. మొగుడితో పాటు బిడ్డ కూడా పోయినట్టే. తండ్రిని చంపుకున్నానన్న మాట మోస్తూ ఋతుజ ఎట్లా బతుకుతుంది? చంద్రభాగను ఎక్కువ భయపెట్టింది ఈ రెండో సంగతే.

మర్నాడు మల్లప్ప కొంచెం తేరుకున్నట్టే కనిపించాడు. రెండు గుక్కలు చాయ్ తాగాడు. కార్ఖానాలో తన మగ్గం ఎవరికి ఇచ్చారో కనుక్కోమన్నాడు. చంద్రభాగ ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు.

మూడో రోజు పొద్దునకి జ్వరం మళ్లీ లేచింది. ఈసారి ముందుకన్నా ఎక్కువగా. పెదవులు ఎండి పగిలాయి. కళ్లు తెరిచి ఉన్నాయి గానీ ఆమెను గుర్తుపట్టలేదు. చేతివేళ్లు గాలిలో దేన్నో అందుకుంటున్నట్టు ఆడుతున్నాయి.

"పోగు తెగింది," అన్నాడు. "ఆపు. మగ్గం ఆపు. పోగు తెగింది."

"ఏ మగ్గం లేదిక్కడ. దవాఖానల ఉన్నవ్. నన్ను చూడు, నేను..."

"ఆపుమంటే ఆపరేంది? అంతా ఖరాబైతంది."

ఆమె అతని చేతులు పట్టుకుంది. పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. యల్లమ్మ కూడా చివరికి ఇలాగే, లేని బీడీలు చుడుతూ వేళ్లు ఆడించింది. చంద్రభాగ ఆ చేతులు వదిలేసి, ఎవరికీ చెప్పకుండా, నేరుగా తుషార్ గదికి పోయింది.

ఆయన లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. రెండు చేతులూ జోడించింది.

"నా బిడ్డ మాట వినకండి సాహెబ్," అంది మరాఠీలో. "చిన్నపిల్ల. దానికి పట్టుదల ఎక్కువ. పెద్ద ఇంజక్షన్ ఇవ్వండి. నేను అడిగానని దానికి చెప్పొద్దు."

"ఘాబరూ నకా, కాకూ," అన్నాడు తుషార్. భయపడొద్దన్న ఆ మాట ఆయన ప్రతివారికీ చెప్పేదే. తర్వాతి మాటలు మాత్రం వెతుక్కుంటూ చెప్పాడు. "మొదటి రోజే మీ అమ్మాయిని అడిగాను. మీ నాన్న కదా, కావాలంటే పెద్ద మందుతోనే మొదలుపెడదాం, ఎవరూ తప్పు పట్టరు అన్నాను. 'ఈ మంచం మీద ఇంకొకరి నాన్న ఉంటే ఏమిస్తాం సర్?' అని నన్నే అడిగింది. ఇంకొకరి నాన్నకైనా ఇదే ఇస్తాను. ఇప్పటికీ బీపీ బాగానే ఉంది, ఆక్సిజన్ నిలబడింది. అవి పడితే ఒక్క నిమిషం ఆగను, పెద్ద మందు నేనే వేస్తాను. కానీ జ్వరం తిరిగొచ్చిందంటే మందు ఓడిపోయిందనే కాదు. ఇంకేదైనా అయ్యుండొచ్చు. అదేంటో చూడకుండా మందు మార్చేస్తే, అది లోపలే దాక్కుంటుంది."

"అది తెలిసేదాకా ఆయన బతుకుతాడా?"

తుషార్ ఆమె ముఖం మీంచి చూపు బల్ల మీది కాగితాల వైపు తిప్పుకున్నాడు. ఆ చూపులోనే చంద్రభాగకు జవాబు దొరికింది.

గదిలోంచి బయటికొచ్చి ఏ వైపు పోతోందో చూసుకోకుండా నడిచింది. వార్డు వెనక, సామాను మోసేవాళ్లు వాడే మెట్లున్నాయి. ఆ మెట్ల మీద ఋతుజ కూర్చొని ఉంది. తెల్లకోటు ఒళ్లో ఉండచుట్టి పెట్టుకొని, రెండు అరచేతులూ మోకాళ్ల మధ్య నొక్కిపట్టింది. పదో తరగతి ఫలితాలప్పుడు కూడా ఇలాగే కూర్చుంది ఆ పిల్ల.

చంద్రభాగ పక్కన కూర్చుంది.

"నీకు బుగులైతందా ఋతూ?"

"అయితందమ్మా."

డాక్టరు కూతురు నోట ఆ మాట వస్తుందని ఆమె అనుకోలేదు. ఏం కాదమ్మా అంటుందనుకుంది. అలా అంటే కోప్పడదామనుకుంది కూడా.

"మరి ఇయ్యరాదా ఆ మందేదో?"

"ఇస్తే నా బుగులు తగ్గుతది. బాపు జరం తగ్గుతదో లేదో తెల్వది." ఋతుజ ముక్కు తుడుచుకుంది. "రోజూ అందరికీ గదే చెప్తనమ్మా. మన బుగులుకు మనం మందు రాసుకుంటున్నం, రోగికి గాదు అని. చెప్పుడు అల్కగనే ఉండె. పొద్దటి సంది నేనే మూడుసార్లు పోయి ఆ ఇంజక్షన్ రాయబోయిన. పెన్ను తీసి మల్ల పెట్టేసిన."

"అంటే నీకు గూడ తెల్వదా, ఏమైతదో?"

"తెల్వదు." ఆమె కోటు దులిపి తొడుక్కుంది. "అందుకే మల్లొకసారి చూస్త, మొదటిసంది. నేను కేసు చూడొద్దన్న మాట నిజమే గని, బిడ్డగనన్న చూస్త."

ఇద్దరూ వార్డులోకి వచ్చేసరికి రాజారాం మంచం పక్కన ఉన్నాడు. ఆయన వెనక స్ట్రెచర్‌తో ఇద్దరు మనుషులు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ మంచం మాట్లాడానని, అంబులెన్స్ కింద ఉందని, పోగానే మందు మొదలుపెడతారని చెప్పాడు. మనిషి రెండు రోజుల్లోనే నలిగిపోయాడు. గడ్డం కూడా గీసుకోలేదు. తమ్ముడి గాలిలో ఆడుతున్న వేళ్లను చూడలేక కిటికీ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు.

"చంద్రభాగా, సంతకం పెట్టమ్మా. మా ఇష్టంతోనే తీస్కపోతున్నమని. ఇగ ఆగేది లేదు."

సంతకం పెట్టాల్సింది ఆమే. చంద్రభాగ కూతురి వైపు చూసింది.

"నీ ఇష్టం అమ్మా, నేను అడ్డం రాను," అంది ఋతుజ. "తీస్కపోయే ముందు బాపు వీపు ఒక్కసారి చూడనియ్యుండ్రి. గంతే."

ఆమె తండ్రిని లేపి కూర్చోబెట్టి, తల తన భుజం మీద వాల్చుకుంది. మల్లప్ప మగ్గం ఆపమని గొణుగుతూనే ఉన్నాడు. ఋతుజ ఎడమ అరచెయ్యి వీపు మీద పరిచి, దాని వేలి మీద కుడిచేతి వేలితో తట్టింది. కుడి పక్కన బోలుగా మోగింది. ఎడమ పక్కన పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చింది. ఒకచోటికి రాగానే మోత చచ్చిపోయింది. అక్కణ్నుంచి కిందికంతా తడి నూలు మూటను తట్టినట్టే ఉంది. చంద్రభాగకు కూడా ఆ తేడా వినిపించింది. ఋతుజ మళ్లీ తట్టింది. చెవికి గొట్టం పెట్టుకొని విన్నది.

"సిస్టర్, తుషార్ సర్‌ను పిలువుండ్రి. సోనోగ్రఫీ మిషన్ ఇక్కడికే తెమ్మనుండ్రి. జెల్ది."

"మల్ల ఇంకో పరీక్షనా?" రాజారాం అరిచాడు. "అంబులెన్స్ కింద ఆగున్నది! వాడు చస్తుంటే మీరు వాయించుకుంట కూసుంటరా?"

ఆయన స్ట్రెచర్ మనుషులకు సైగ చేశాడు. వాళ్లు ముందుకు రాబోయారు. చంద్రభాగ మంచానికీ స్ట్రెచర్‌కూ మధ్యకు వచ్చి నిలబడింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె బావ ఎదుట గొంతెత్తి మాట్లాడింది లేదు. కొంగు తల మీదికి లాక్కుంది.

"బావా, ఆగుండ్రి."

"చంద్రభాగా..."

"జెరసేపు ఆగుండ్రి. నా బిడ్డకు తెల్వదట. నాతోని చెప్పింది. దానికి బుగులు గూడ అయితందట. అయినా ఏదో ఒకటి ఇచ్చి చేతులు దులుపుకుంటలేదు, ఇంకా దేవులాడుతున్నది. అది చూసినంక మీరు ఏడికి పొమ్మంటే ఆడికి పోత. మీ కాళ్లు మొక్కుత, ఆగుండ్రి."

రాజారాం సైగ చేసిన చెయ్యి దించాడు. స్ట్రెచర్ మనుషులు గోడకు జరిగారు.

తుషార్ వచ్చాడు. మిషన్ వచ్చింది. డొక్క మీద జెల్ పూసి పరికరం ఆనించగానే తెర మీద నల్లటి మడుగు కనిపించింది, అందులో సాలెగూడు లాంటి సన్నటి పోగులు ఊగుతున్నాయి. తుషార్, ఋతుజ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది," అన్నాడు తుషార్ రాజారాంతో. "మొదటి రోజు ఫోటోలో ఇది లేదు. ఇంత చీములోకి ఏ మందూ సరిగ్గా పోదు, చిన్నదైనా పెద్దదైనా. ముందు దీన్ని బయటికి తీయాలి. ఇప్పుడే."

రాజారాం సరే అన్నట్టు తలూపాడు.

మల్లప్పను పక్క గదిలోకి తీసుకుపోయారు. తలుపు వేశారు. ఆ తలుపుకు ఒక పక్క చంద్రభాగ, ఇంకో పక్క రాజారాం నిలబడ్డారు. ఋతుజను కూడా లోపలికి రానివ్వలేదు తుషార్. ఆమె కొంచెం దూరంలో గోడకు నుదురు ఆనించి నిలబడింది.

"నిన్ననే తట్టి చూడాల్సిండె," అంటోంది తనలో తాను. "మంచిగున్నడు గదా అనుకున్న. నిన్ననే చూడాల్సిండె."

లోపలి నుంచి మల్లప్ప కేక వినిపించింది. మత్తు ఇచ్చామని చెప్పారు గానీ, అది మత్తులో ఉన్న మనిషి కేకలా లేదు. చంద్రభాగ చెవులు మూసుకుంది. మూసుకున్నా వినిపించింది. తర్వాత కేక ఆగిపోయింది. ఆగిపోవడం ఇంకా భయంగా ఉంది.

తలుపు తీసినప్పుడు మల్లప్ప డొక్కలోంచి ఒక గొట్టం బయటికి వచ్చి నేల మీది సీసాలో దిగి ఉంది. సీసాలో చిక్కగా, పచ్చగా, సగానికి పైగా చీము. ఇంకా కారుతూనే ఉంది. ఒక మనిషి ఒంట్లో అంత విషం పట్టి ఉంటుందా అనిపించేలా ఉంది. దాన్ని చూసి రాజారాం గోడ పట్టుకొని అక్కడే నేల మీద కూర్చున్నాడు. కొంతసేపయ్యాక, స్ట్రెచర్ మనుషులను వెళ్లిపొమ్మని చేత్తోనే చెప్పాడు.

ఆ సాయంత్రం చంద్రభాగ బతుకులో మర్చిపోలేని ఘడియ ఒకటి వచ్చింది. మల్లప్ప కదలకుండా పడుకొని ఉన్నాడు. ఆమె నీళ్ల కోసం బయటికి పోయి వచ్చి అతని చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. పొద్దుటి నుంచీ కాలుతున్న చెయ్యి మంచులా ఉంది. నుదురు తాకింది, చల్లగా ఉంది. చొక్కా, దుప్పటి, తలగడ అన్నీ తడిసి ముద్దయ్యాయి. వేళ్లు ఆడటం లేదు.

"పోయిండు," అని కేక పెట్టింది. "అయ్యో, పోయిండే ఋతూ!"

నర్సు పరిగెత్తుకొచ్చింది. ఋతుజ వచ్చి తండ్రి మణికట్టు పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో, చంద్రభాగకు యుగంలా అనిపించింది. అప్పుడు మల్లప్ప కళ్లు తెరిచి, చిరాగ్గా భార్య వైపు చూశాడు.

"ఎందుకొర్లుతున్నవే? జెర నీళ్లు తాపు."

జ్వరం దిగింది. ఒళ్లూ పక్కా తడిసింది చెమటకే. చంద్రభాగ నీళ్ల గ్లాసు పట్టుకోబోయి కింద పడేసింది. ఇంకో గ్లాసు తేవడానికి ఋతుజే పోయింది. పోయి చాలాసేపటి దాకా రాలేదు.

తర్వాత మొదటి రోజు తీసిన రక్తంలోనూ ఈ చీములోనూ ల్యాబులో ఒకే పురుగు దొరికింది. ఊళ్లలో మామూలుగా నిమోనియా తెచ్చేదే. మొదట వేసిన మందులకే కాదు, వాటికన్నా పాతదైన పెన్సిలిన్‌కు కూడా లొంగేదే. తుషార్ ఆ రెండు మందులూ ఆపి పెన్సిలిన్ రాశాడు.

"ఇంకా చిన్నదా?" అంది చంద్రభాగ హడలిపోయి.

ఋతుజ నవ్వింది. తండ్రి మంచం ఎక్కిన తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

రాజారాం ఒక్క ప్రశ్న అడిగాడు, అది కూడా తుషార్‌ను. మొదటే పెద్ద ఇంజక్షన్ ఇచ్చుంటే ఆ చీము పట్టకపోయేదా అని. పట్టేదనే అనుకుంటున్నాను గానీ ఖాయంగా చెప్పలేనని తుషార్ అన్నాడు. రాజారాం ఆ జవాబు తలదించుకొని విన్నాడు.

గొట్టం తీసేసి, మల్లప్పను ఇంటికి పంపేసరికి వానలు వెనకబట్టాయి. మనిషి సగమయ్యాడు. సందు చివరి దాకా నడిస్తే కూర్చోవాల్సి వస్తోంది. మగ్గం మీదికి ఎప్పుడు పోతాడో, అసలు పోతాడో లేదో తెలియదు. చంద్రభాగ బీడీలు చుడుతూ చుడుతూ ఆగి, అతని ఊపిరి వినేది. అది మామూలుగానే ఉండేది. అయినా వినేది.

రాజారాం మాత్రం ఆ ఇంటికి రాలేదు. రోజూ ఫోన్ చేసి తమ్ముడితో రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవాడు. ఋతుజ పేరు ఎత్తేవాడు కాదు. ఋతుజ కూడా ఫోన్ మోగితే లేచి లోపలికి పోయేది.

ఒక మధ్యాహ్నం చంద్రభాగ ఆటో ఎక్కి అక్కల్‌కోట్ రోడ్డులోని ఆయన కార్ఖానాకు పోయింది. మగ్గాల హోరులో ఆయన తువ్వాళ్ల కట్టలు లెక్కపెట్టిస్తున్నాడు. ఆమెను చూసి హడలిపోయాడు.

"ఏమైంది? తమ్ముడు..."

"మంచిగున్నడు బావా. మీతోని మాట్లాడనీకి వచ్చిన."

బయటి అరుగు మీద కూర్చున్నారు. మగ్గాల చప్పుడు గోడ దాటి వస్తూనే ఉంది.

"మల్లప్పకు ఇచ్చిన మందు పేరేంది?" అని ఆయనే అడిగాడు కాసేపటికి.

"పెన్సిలిన్ అట. శాన పాతదట."

"మా అక్కకు మొదట్ల ఎవరన్న గదే ఇచ్చుంటే..." ఆయన మాట అక్కడే ఆగింది. "నిద్రవడ్తలేదు చంద్రభాగా. కండ్లు మూస్తే స్కూటర్ మీద ఎన్క కూసోని ఉంటది. నా భుజం పట్టుకోని ఉంటది. రాజా, జెర మెల్లగ తోలురా అంటది. నేను బిరాన తోల్కపోయేటోణ్ని. ఇంజక్షన్ వడితే తక్కువైతదని."

చంద్రభాగ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నేను గూడ అడిగిన బావా. ఆ దినం మీరు అంబులెన్స్ తేక ముందే, తుషార్ డాక్టర్ తానికి పోయి చేతులు జోడించిన. నా బిడ్డ మాట వినకుండ్రి, హెవీ డోస్ ఇయ్యుండ్రి అన్న. ఆయన ఇయ్యలే. ఇచ్చేటోడైతే నేను గూడ పెట్టిస్తుంటి. మీరు వదినెకు పెట్టిచ్చింది గట్లనే. మనకు పానం కొట్టుకుంటది, అడుగుతం. కాదని చెప్పెటోళ్లు ఉండాలె గదా. అప్పుడెవ్వరు చెప్పలే."

రాజారాం ఆమె వైపు తిరిగాడు.

"ఋతుజకు తెలుసా, నువ్వట్ల అడిగినట్టు?"

"తెల్వది. మీరు చెప్పకుండ్రి."

ఆయన మొహంలో చిన్న కదలిక వచ్చింది. అది నవ్వు కాదు గానీ, నవ్వుకు దగ్గరిది.

"తమ్ముడు తింటుండా?"

"తింటుండు. కడక్ భాకరి, శేంగా చట్నీ కావాలని లొల్లి పెడుతుండు."

"ఇంట్ల ఇయ్యాల ఎవరెవరున్నరు?"

ఆయన అడిగేది ఎవరి గురించో ఆమెకు తెలిసింది. "ఋతుజకు సుట్టి. ఇంట్లనే ఉన్నది," అంది.

రాజారాం లోపలికి పోయి పనివాళ్లకు ఏదో చెప్పి, మొహం కడుక్కొని, కొత్త తువ్వాలతో తుడుచుకుంటూ వచ్చాడు. దారిలో ఆటో ఆపించి, తమ్ముడడిగిన గట్టి జొన్న భాకరి, పల్లీల చట్నీ కొన్నాడు. నీలం నగర్ సందులో దిగాక, గడప ముందు చెప్పులు విప్పుతూ ఎంతోసేపు నిలబడ్డాడు.

లోపలి నుంచి ఋతుజ వచ్చి చూసింది. ఆమె కళ్లలో భయం కనిపించింది చంద్రభాగకు, ఆసుపత్రి మెట్ల మీద చూసిన భయమే. పెద్దబాపు ఏమంటాడోనని.

ఆయన చేతిలోని పొట్లం ఆమెకు అందించాడు. ఋతుజ దాన్ని రెండు చేతులతో తీసుకొంది.

"రా పెద్దబాపు," అంది. "బాపు లేసే ఉన్నడు."